పాఠకుల ప్రశ్నలు: సర్కారు లెక్కలన్నీ కాకిలెక్కలేనా?

ప్రశ్న: నేను బెంగళూరులో ఎం.ఏ. సోషియాలజీ చదువుతున్నాను, మాది అనంతపురం జిల్లా. ఇక్కడికి బిల్డింగ్ పనులకొచ్చిన మన తెలుగు కుటుంబాల్లో గృహహింస మీద డిసర్టేషన్ రాయాలనుకుంటున్నాను. మా గైడ్ గారేమో "సర్కారువన్నీ కాకిలెక్కలు, వాటి జోలికి పోకు, నేరుగా వెళ్ళి మాట్లాడు" అంటారు. సీనియర్లేమో గణాంకాలు లేకపోతే వైవాలో ఉతికి ఆరేస్తారంటున్నారు. ఎవరి మాట వినాలి?
– పేరు వద్దన్న పాఠకురాలు, కె.ఆర్. పురం

జవాబు: ఇద్దరి మాటా సగం సగం వినండి. అన్ని లెక్కల్నీ ఒకే గాటన కట్టేస్తే కుదరదు. మీ విషయం మీదే రెండు సర్కారు లెక్కలున్నాయి, అవి రెండూ చెప్పేది ఒకటి కాదు.

ఒకటి ఎన్‌సీఆర్‌బీ, అంటే జాతీయ నేర రికార్డుల బ్యూరో, ఏటా వేసే నేరాల రిపోర్టు. అందులోకి ఒక కేసు ఎక్కాలంటే, దెబ్బలు తిన్న మనిషి ఆ పూట కూలి వదులుకుని, కన్నడం సరిగా రాకపోయినా స్టేషన్ దాకా రావాలి, వచ్చాక "సర్దుకుపో తల్లీ" అని వెనక్కి పంపకుండా వాళ్ళు ఎఫ్‌ఐఆర్ రాయాలి. రాసినా, ఒకే ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే అన్నిట్లోకీ పెద్దదాన్నే లెక్కిస్తారు కాబట్టి, వరకట్న మరణంగా నమోదైన కేసులో అంతకుముందు ఏళ్ళ తరబడి సాగిన వేధింపు విడిగా కనబడదు. నేరాలు పెరగడం వేరు, నమోదు పెరగడం వేరు అని ఎన్‌సీఆర్‌బీ తన రిపోర్టులోనే హెచ్చరిస్తుంది, టీవీ చర్చల్లో ఆ పేజీ ఎవరూ తిప్పరు గానీ. దీన్ని పోలీసుల పని లెక్కగా వాడుకుంటే పనికొస్తుంది, హింస లెక్కగా వాడితే ముంచుతుంది.

రెండోది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. 2019–21 సర్వేలో కర్ణాటకలో 18–49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో 44.4 శాతం మంది భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింస ఎదుర్కొన్నామని చెప్పారు, దేశం మొత్తానికి అది 29.3 శాతం. హింసకు గురైనవాళ్ళలో సాయం అడిగినవాళ్ళు దేశంలో 14 శాతమే, వాళ్ళలోనూ ఎక్కువమంది వెళ్ళింది పుట్టింటివాళ్ళ దగ్గరికి. పోలీసు రికార్డుకి బయట ఎంత ఉండిపోతోందో మీకు చూపించేది మళ్ళీ ఒక సర్కారు లెక్కే, అది గైడ్ గారికి చెప్పండి.

అయితే దాన్నీ కళ్ళు మూసుకుని నమ్మకండి. 2015–16లో కర్ణాటక అంకె 20.6 శాతం. నాలుగేళ్ళలో హింస రెట్టింపైందా? లాక్‌డౌన్ వల్ల అనేస్తారు చాలామంది, కానీ కర్ణాటకలో ఈ సర్వే 2019లోనే, కొవిడ్‌కి ముందే జరిగింది. నిజంగా పెరిగిందా, ఆడవాళ్ళు నోరు విప్పడం పెరిగిందా, అడిగినవాళ్ళు బాగా అడిగారా అన్నది ఆ ఒక్క అంకెని చూసి తేల్చలేం. ఈ ప్రశ్నలు అడిగే పద్ధతి కూడా చూడండి: ఇంటికి ఒక్క ఆడమనిషినే ఎంచుకుంటారు, పక్కన ఎవరూ లేరని ఖాయం చేసుకున్నాకే అడుగుతారు. పద్ధతి మంచిదే. కానీ సైటు పక్కన ఒకే గదిగా ఉన్న రేకుల షెడ్డులో అత్తా, పిల్లలూ, పక్క షెడ్డు కిటికీ, ఇన్ని చెవుల మధ్య చాటు ఎక్కడ దొరుకుతుంది? పైగా ఏయే బ్లాకుల్లో అడగాలన్నది 2011 జనగణన జాబితాలోంచి ఎంచారు, ఆ తర్వాత ఊరు ఎటు పెరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంకో చిక్కు, హింస ప్రశ్నల శాంపిల్ రాష్ట్రం మొత్తానికి సరిపోతుందే తప్ప బెంగళూరు తెలుగు కూలీలకంటూ విడిగా అంకె ఇవ్వదు.

వైవాలో ఫ్రెంచ్ సోషియాలజిస్టు డర్కైమ్ గురించి అడుగుతారు, 1897లో ఆయన ఆత్మహత్యల మీద రాసింది సర్కారు లెక్కలతోనే, 1967లో జాక్ డగ్లస్ అనే అమెరికన్ సోషియాలజిస్టు దాన్ని తప్పుపట్టింది కూడా ఆ లెక్కల దగ్గరే. అది చెప్పి, మన ఉదాహరణ ఒకటి జోడించండి. ఎన్‌సీఆర్‌బీ లెక్కలో వ్యవసాయం చేసుకునేవాళ్ళ ఆత్మహత్యలు 2013లో 11,772. 2014లో రైతులవి 5,650. సగానికి పడిపోయాయని సంబరపడితే పొరపాటే, ఆ ఏడే వ్యవసాయ కూలీలకి వేరే గడి పెట్టారు, అందులో 6,710 ఉన్నాయి.

కాబట్టి మొదటి అధ్యాయంలో ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టండి, ఇంత విస్తారంగా, ఇన్నేళ్ళ పాటు మీరూ నేనూ ఎన్ని జన్మలెత్తినా సేకరించలేం. ఆ తర్వాత షెడ్ల దగ్గరికి వెళ్ళండి. సర్వేవాళ్ళు అడిగిన ప్రశ్నల్లో కొన్నైనా అదే వరసలో అడిగితే రాష్ట్రం అంకె పక్కన మీ మాటలకి ఒక ఆసరా ఉంటుంది. మగవాళ్ళు పనిలో ఉన్న వేళ చూసుకుని వెళ్ళండి, నోట్సులో పేర్లు రాయకండి, మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు వాళ్ళకి చెప్పండి.

ప్రశ్న: మా పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, స్కూల్లో ఇంగ్లిష్. జనగణనలో మాతృభాష ఏమని రాయించాలి?
– మారతహళ్ళి నుంచి ఒక తండ్రి

జవాబు: చిన్నప్పుడు వాళ్ళమ్మ వాళ్ళతో ఏ భాషలో మాట్లాడిందో అది, జనగణన నిర్వచనమే అంత. 2011లో దానితోపాటు తెలిసిన మరో రెండు భాషలు కూడా రాసుకున్నారు, కన్నడం, ఇంగ్లిష్ అక్కడికి పోతాయి. ఆ లెక్కలో దేశంలో తెలుగువాళ్ళు 8.11 కోట్లు, మరాఠీ మనల్ని దాటేసి మూడో స్థానానికి పోయింది. కంగారుపడి ఎవరూ ఎక్కువ రాయించనక్కర్లేదు, ఉన్నదే చెప్పండి.