ఇనుప ఉలి లేని శిల్పులు

ప్రశ్న: మెక్సికోలో నేలలోంచి బయటపడిన, మనిషి కంటే ఎత్తయిన రాతి తలల ఫోటోలు చూశాను. వాటిని చెక్కినవారికి ఇనుము తెలియదని చదివాను. మా ఊరి బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి గోపురాల మీది శిల్పాలను చూస్తూ పెరిగిన నాకు, ఉలి లేకుండా అంతటి పని ఎలా సాధ్యమైందో అర్థం కావడం లేదు. అవి దేవుళ్ల విగ్రహాలేనా?
– ఒక పాఠకురాలు, తాడిపత్రి, అనంతపురం జిల్లా

జవాబు: మీరు చూసినవి మెక్సికో గల్ఫ్ తీరాన నివసించిన ఓల్మెక్ ప్రజలు క్రీస్తుకు పూర్వమే, కొన్నిటినైతే మూడు వేల ఏళ్ల కిందటే, చెక్కిన తలలు. ఇంతవరకు 17 దొరికాయి. వాటిలో 10 శాన్ లొరెంజో అనే ఒక్క చోటివే. అన్నిటికన్నా చిన్నది ఒకటిన్నర మీటర్లకు కాస్త తక్కువ, పెద్దది 3.4 మీటర్లు.

ఇనుమే కాదు, చెక్కడానికి పనికివచ్చే ఏ లోహమూ వారి దగ్గర లేదు. అగ్నిపర్వతపు నల్లరాయి అయిన బసాల్ట్‌ను అంతే గట్టిదైన రాతిగుండుతో అదే పనిగా మోది, పైపొరను కొద్దికొద్దిగా పొడిగా రాల్చి, ఆపైన ఇసుకతో రుద్ది నునుపు చేసేవారు. ఉలి గీతను తెంచగలదు, రాతిగుండు అణచగలదు. ఆ ముఖాలలో బుగ్గలు, పెదవులు అంత నిండుగా, ముక్కులు అంత చదునుగా ఉండటంలో పనిముట్టుకూ కొంత పాత్ర ఉందని నాకు అనిపిస్తుంది. చెక్కడం కన్నా రాయిని తేవడమే పెద్ద పనేమో! శాన్ లొరెంజోకు ఆ రాయి సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని తుస్త్లా కొండల నుంచి వచ్చింది. బరువులాగే ఎద్దులు గానీ, బండ్లు గానీ లేని కాలమది. అంత కష్టపడి తెచ్చుకున్న రాయిని వృథా చేయలేదు కూడా. అక్కడి తలల్లో కనీసం రెండు, పాత సింహాసనాలను తిరగచెక్కి చేసినవని పరిశోధకులు గుర్తించారు.

ఇక అవి దేవుళ్లా అన్న ప్రశ్న. కావనే ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ప్రతి తలకూ శిరస్త్రాణం వేరు, ముఖకవళికలు వేరు. కాబట్టి అవి ఆయా పాలకుల రూపాలై ఉండాలి. అయితే మధ్య అమెరికా మానవరూప శిల్పాలన్నీ ఈ కోవలోకే వస్తాయనుకోకూడదు. మధ్య మెక్సికోలోని టోల్టెక్ ప్రజల పాత నగరం టూలాలో నాలుగేసి రాతి ముక్కలను ఒకదానిపై ఒకటి పేర్చి నిలబెట్టిన, 4.6 మీటర్ల ఎత్తు ఉన్న యోధులు ఒక ఆలయపు కప్పును మోసిన స్తంభాలు. 1790 ఆగస్టులో మెక్సికో నగరపు ప్రధాన కూడలిలో తవ్వకంలో బయటపడిన అజ్టెక్ ప్రజల విగ్రహం కోత్లిక్వే మాత్రం నిస్సందేహంగా దేవతే: తల స్థానంలో ఎదురెదురుగా రెండు పాములు, మెడలో మనుషుల చేతులు, గుండెకాయలు గుచ్చిన హారం. పాత మతం మళ్లీ తలెత్తుతుందేమోనన్న భయంతో స్పానిష్ పాలనలోని పెద్దలు ఆమెను తిరిగి పాతిపెట్టించారు; 1803లో జర్మన్ శాస్త్రవేత్త, యాత్రికుడు హంబోల్ట్ చూడగోరినప్పుడు పైకి తీసి, ఆయన చూశాక మళ్లీ పూడ్చారు.

దేవతలూ పాలకులూ కానివారు కూడా రాతికెక్కారు. దక్షిణ మెక్సికోలోని ప్రాచీన నగరం మోంటే అల్బాన్‌లో వంకర తిరిగిన దేహాలతో, నగ్నంగా కనిపించే మనుషుల పలకలు 300కు పైగా ఉన్నాయి. వారిని మొదట నాట్యగాళ్లనుకున్నారు. మూసుకున్న కళ్లను, తెరుచుకున్న నోళ్లను బట్టి వారు చంపబడిన బందీలని తరువాతి పరిశోధకులు చాలామంది చెప్పారు; నాకూ అదే సబబుగా తోస్తుంది.