రేసు వేగంతోనే రోజూ పరుగెత్తాలా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3 ట్రయాథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే పోటీ) కోసం ఏడు నెలలుగా సాధన చేస్తున్నాను. నిరుడు హాఫ్ మారథాన్ రెండు గంటల్లో ముగించాను. అందుకే వారానికి ఐదు రోజులు అదే వేగంతో, అంటే కిలోమీటరు 5 నిమిషాల 40 సెకన్లలో పరుగెత్తుతున్నాను. గుండె వేగం 165 దాటుతోంది. రెండు నెలలుగా ఎంత కష్టపడినా వేగం తగ్గుతోందే తప్ప పెరగడం లేదు. పొద్దున లేవగానే 54 ఉండే నాడి ఇప్పుడు 62 ఉంటోంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మోకాలి కింద, ముందు ఎముక పక్కన నొప్పి కూడా మొదలైంది. స్నేహితులు నెమ్మదిగా పరుగెత్తమంటున్నారు. నెమ్మదిగా సాధన చేస్తే రేసులో వేగం ఎలా వస్తుంది? ఏవైనా పరీక్షలు చేయించుకోవాలా?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

సలహా: ముందు మీ పొద్దుటి నాడి సంగతి చూద్దాం. అది ఎనిమిది పెరిగి అక్కడే నిలిచిపోవడం, నిద్ర చెదరడం, కష్టపడే కొద్దీ వేగం తగ్గడం మూడూ కలిసి వచ్చాయంటే, చేస్తున్న శ్రమకు తగ్గ విశ్రాంతి మీ శరీరానికి అందడం లేదన్నమాట. పది రోజులు పరుగు పూర్తిగా ఆపేయండి. నడవండి, నింపాదిగా ఈత కొట్టండి. ఏడు నెలల కష్టం పది రోజుల్లో ఎక్కడికీ పోదు. ఈ మాట నమ్మమని మిమ్మల్ని గట్టిగా అడుగుతున్నాను, ఎందుకంటే ఇక్కడ ఆగలేకపోయినవాళ్లే తర్వాత మూడు నెలలు మంచానికో ఫిజియోథెరపీకో పరిమితమవుతారు.

ఇక అసలు ప్రశ్న. రేసు వేగం సాధన చివర్లో చేతికొచ్చే పంట లాంటిది. పైరును ఎదగనీయకుండా రోజూ కోతకు దిగితే గింజ ఎక్కడ పడుతుంది? తేలిగ్గా, ఎక్కువసేపు పరుగెత్తినప్పుడు గుండె ఒక్కో కొట్టుకోలులో పంపే రక్తం పెరుగుతుంది. కండరాల్లో సన్నని రక్తనాళాలు కొత్తగా పుట్టుకొస్తాయి, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఎక్కువవుతాయి. కొవ్వును ఇంధనంగా వాడుకోవడం కండరానికి అలవాటవుతుంది. మీ రేసుకు ఈ చివరిది ప్రాణం. మన ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, 400–500 గ్రాములే, అంటే సుమారు 2,000 కేలరీలు. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు ఆ నిల్వతో పూర్తికావు. మిగతాది కొవ్వు నుంచీ, దారిలో తినేదాని నుంచీ రావాలి.

మీరు రోజూ పరుగెత్తే వేగం ఎటూ కాని మధ్య వేగం. కండరాలు కోలుకునేంత తేలికా కాదు, ఆక్సిజన్‌ను వాడుకునే సామర్థ్యాన్ని పెంచేంత గట్టిదీ కాదు. కానీ అలసట మాత్రం పూర్తిగా మిగులుస్తుంది. 70.3 రేసు వేగం చాలామందికి సరిగ్గా ఈ మధ్యలోనే పడుతుంది, అందుకే ఈ దూరానికి సాధన చేసేవాళ్లు ఇందులో ఎక్కువగా చిక్కుకుంటారు. దీనికి రెట్టింపు దూరముండే ఫుల్ ఐరన్‌మ్యాన్ అయితే చాలామంది తేలిక వేగానికి దగ్గరగానే రేసు ముగిస్తారు. ఇంతకంటే చిన్నదైన ఒలింపిక్ దూరం ట్రయాథ్లాన్‌లో రేసు వేగం ఇంకా పైన ఉంటుంది, రోజూ ఆ వేగంతో పరుగెత్తాలన్న ఆలోచనే రాదు. పెద్ద క్రీడాకారుల సాధనను ఏళ్లపాటు పరిశీలించిన స్టీఫెన్ సైలర్ అనే శాస్త్రవేత్త గమనించింది కూడా ఇదే: వాళ్ల పది సాధనల్లో సుమారు ఎనిమిది తేలికవే, మిగతా రెండే గట్టివి.

హవాయి ఐరన్‌మ్యాన్‌ను ఆరుసార్లు గెలిచిన మార్క్ అలెన్ కథ నా పేషెంట్లకు తరచూ చెబుతుంటాను. గుండె వేగానికి ఒక హద్దు పెట్టుకుని పరుగెత్తమని ఆయనకు సలహా ఇచ్చారు. అప్పటిదాకా మైలును ఐదున్నర నిమిషాల్లో పరుగెత్తే మనిషి ఆ హద్దు దాటకుండా ఉండటానికి ఎనిమిది నిమిషాల పైకి దిగాల్సి వచ్చింది. ఏడాదికి పైగా ఓపిక పట్టాక, అదే గుండె వేగంతో ఐదున్నర నిమిషాల కంటే తక్కువలో మైలు పరుగెత్తగలిగాడు. 1989లో డేవ్ స్కాట్‌ను నిమిషం లోపు తేడాతో ఓడించి అక్కడ మొదటిసారి గెలిచాడు. ఆయన అంకెలు మీవి కావు, వాటిని అనుకరించకండి. ఆ ఓపిక మాత్రం తీసుకోండి.

తేలిక వేగమేదో తెలుసుకోవడానికి వాచీ కంటే మంచి పరికరం మీ నోరే. గరిష్ఠ గుండె వేగం కోసం 220 లోంచి వయసు తీసేసే లెక్క ఒక్కో మనిషికి పది, పన్నెండు అటూ ఇటూ తప్పుతుంది. నేను క్లినిక్‌లో ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తిస్తూ పదమూడో ఎక్కం చెప్పమంటాను. పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్లు ఇరవై ఆరు, పదమూడు మూళ్లు ముప్ఫై తొమ్మిది... ఒక్క ఊపిరిలో రెండు మూడు వరసలు వస్తే అది తేలిక వేగం. ప్రతి వరసకూ ఊపిరి పీల్చుకోవాల్సి వస్తే మధ్య వేగంలోకి వెళ్లినట్టు. మీ హాఫ్ మారథాన్ సమయాన్ని బట్టి చూస్తే మీ తేలిక పరుగు కిలోమీటరుకు 6:40 నుంచి 7:10 మధ్య ఉండొచ్చు. కేబీఆర్ పార్కు దగ్గర నడిచేవాళ్లు కూడా మిమ్మల్ని దాటిపోతున్నట్టు అనిపిస్తుంది. కాళ్ల కంటే మనసుకే కష్టమని నాకు తెలుసు. దాటిపోనివ్వండి. ఎండలో, ఉక్కలో అదే వేగానికి గుండె నిమిషానికి ఇంకో పదిసార్లు ఎక్కువ కొట్టుకోవచ్చు, ఆ రోజుల్లో ఇంకా తగ్గండి.

ఇంకో సంగతి. 5:40 మీ రేసు వేగం కానే కాదు. అది తాజా కాళ్ల వేగం. 90 కిలోమీటర్లు తొక్కి దిగిన కాళ్లతో, గోవా ఉక్కలో 6:05–6:20 మధ్య నిలబెట్టగలిగితే చాలా బాగా పరుగెత్తినట్టే. రేసు వేగం సాధన రేసుకు ముందు ఎనిమిది, పది వారాల్లో వారానికి ఒకసారి చాలు: ఓఆర్ఆర్ పక్కన సైకిల్ ట్రాక్ మీద గంటన్నర తొక్కి, దిగిన వెంటనే 6:10 వేగంతో ఇరవై నిమిషాలు పరుగు. ట్రయాథ్లెట్లు దీన్ని బ్రిక్ అంటారు. ఈత విషయంలో మాత్రం నా సలహా వేరు. మరీ నెమ్మదిగా కొడితే నడుము, కాళ్లు కిందికి దిగిపోయి వాటం చెడుతుంది. వంద మీటర్లు చక్కగా కొట్టి, పావు నిమిషం ఆగి, మళ్లీ కొట్టండి. నీళ్లలో కీళ్ల మీద దెబ్బ పడదు కాబట్టి కాస్త గట్టిగా కొట్టినా భయం లేదు.

కాలి నొప్పిని తేలిగ్గా తీసుకోకండి. ఎముక వెంట వేలితో నొక్కుతూ రండి. నొప్పి అరచేతి వెడల్పున పరుచుకుని ఉంటే విశ్రాంతితో, పరుగు తగ్గించడంతో చాలావరకు సర్దుకుంటుంది. ఒక్క వేలు మోపినంత చోటే చురుక్కుమంటే, ఒంటికాలి మీద గెంతితే నొప్పి పుడితే, ఎముకలో సన్నని పగులు ఉండొచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో కనిపించదు, ఎంఆర్ఐ అవసరమవుతుంది. అప్పటిదాకా పరుగు వద్దు.

హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వలు తెలిపేది), విటమిన్ డి, థైరాయిడ్, షుగర్, కొలెస్టరాల్ పరీక్షలు, బీపీ, ఈసీజీ చేయించుకోండి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు గానీ ఆకస్మిక మరణం గానీ సంభవించి ఉంటే, పరుగులో ఛాతీ బరువు, కళ్లు తిరిగి పడిపోవడం వంటివి ఉంటే వెంటనే సాధన ఆపి గుండె డాక్టర్‌ను కలవండి. జ్వరం ఉన్న రోజు అసలు పరుగెత్తొద్దు, గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదం ఉంది.

పది రోజుల తర్వాత నాడి మళ్లీ 55 దరికి వచ్చి, కాలి నొప్పి తగ్గితే, ఓ చల్లని ఉదయం ఎక్కం చెప్పుకునే వేగంతో ఐదు కిలోమీటర్లు పరుగెత్తి, గుండె వేగం, పట్టిన సమయం క్యాలెండర్ మీద రాయండి. ఆరు వారాలకు అదే దారిలో, అదే గుండె వేగంతో మళ్లీ పరుగెత్తి, ఆ రెండు అంకెలూ నాకు రాయండి.