మేనకోడలికి: ముందు ఒక్క కృతి చాలు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

పియానో, తీగవాద్యాలు కలిసి వాయించే పాశ్చాత్య సంగీతం వినాలని వంద ఆల్బమ్‌లు పోగు చేసుకున్నానని, ఏదీ మనసుకు పట్టడం లేదని రాశావు. ఆ వందా పక్కన పెట్టు. నెల రోజులపాటు ఒక్క కృతి, ఒక్క రికార్డింగు విను. ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ ‘ట్రౌట్’ (ఒక రకం చేప) క్వింటెట్‌తో మొదలుపెట్టమని నా సలహా. క్వింటెట్ అంటే ఐదు వాద్యాల కృతి. ఇక్కడ అవి పియానో, వయొలిన్, దానికంటే కాస్త పెద్దదైన వియోలా, ఇంకా లోతైన గొంతున్న చెల్లో, అన్నిటికన్నా అడుగున పలికే డబుల్ బేస్.

కచేరీలో గాత్రం ముందు నడుస్తుంది, వయొలిన్ వెంట వస్తుంది. మన చెవి దానికి అలవాటుపడింది. అందుకే ఇక్కడ కూడా ఏదో ఒక వాద్యాన్ని పట్టుకుని మిగతావాటిని వదిలేస్తాం. ఈ సంగీతంలో ఏదీ ఎప్పటికీ పక్కవాద్యం కాదు. ఇప్పటిదాకా పాడిన వాద్యం కాస్త తగ్గి మరొకదానికి చోటిస్తుంది. పాట అలా చేతులు మారడాన్ని నీ చెవి పట్టుకోవాలి.

అది నేర్చుకోవడానికి ఈ కృతిలో నాలుగో భాగాన్ని మించినది నాకు తెలియదు. అందులో ఒకే పాట రకరకాల మార్పులతో మళ్లీ మళ్లీ వస్తుంది. మొదట పియానో మౌనంగా ఉంటుంది. తీగవాద్యాలు మాత్రమే పాటను నెమ్మదిగా వినిపిస్తాయి. తర్వాత మొదటి మార్పులో పియానో అందుకుంటుంది. రెండో మార్పులో పాట వియోలాది. పైన వయొలిన్ చకచకా అల్లికలు అల్లుతుంటుంది కాబట్టి చెవి అటే పోతుంది, పోనివ్వకు. మూడోదానిలో పియానో గుక్క తిప్పుకోకుండా పరుగెడుతుంటే, అడుగున చెల్లో, డబుల్ బేస్ ఆ పాటనే పాడతాయి. నేను చాలా ఏళ్లు చిన్న టేప్ రికార్డర్ మీద ఇది విన్నాను. పియానో పరుగు తప్ప ఏమీ తెలియలేదు. ఒక రాత్రి మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఆ లోతు గొంతు వినిపించింది. వెనక్కి తిప్పి నాలుగుసార్లు విన్నాను. అందుకే చెబుతున్నాను, ఫోను స్పీకరు మీద మాత్రం వినకు.

ఆ పాట పేరే ‘ట్రౌట్’, అసలు 1817 నాటిది, షూబర్ట్‌దే. ఆస్ట్రియాలోని స్టేయర్ పట్టణంలో చెల్లో వాయించే ఒక సంగీతాభిమాని దాని మీద కృతి రాయమని అడిగితే 1819 ప్రాంతంలో ఇది పుట్టింది. నాలుగో భాగం చివర పియానోలో నీళ్లు తుళ్లిపడినట్టు ఒక మెరుపు వస్తుంది. అసలు పాటలో గాయకుడి వెనక వినిపించేది అదే. దానికోసం ఎదురుచూడు.

మొదటి రికార్డింగుగా క్లిఫర్డ్ కర్జన్ పియానో వాయించగా వియన్నా ఆక్టెట్ కళాకారులు 1957లో డెక్కా రికార్డు కంపెనీకి ఇచ్చినది తీసుకో. రోజూ ఒక వాద్యం వెంటే వెళ్లు. ఆ తర్వాతే రెండోది. 1969లో లండన్‌లో బారెన్‌బోయిమ్ (పియానో), పెర్ల్‌మన్ (వయొలిన్), జుకర్‌మన్ (వియోలా), జాక్లిన్ డు ప్రే (చెల్లో) కలిసి ఇదే వాయిస్తుంటే చిత్రీకరించారు. డబుల్ బేస్ ఎవరనుకున్నావు? ముంబయిలో పుట్టిన, వాద్యబృందాలను నడిపించే కండక్టర్ జుబిన్ మెహతా. ఆ కృతే ఆ యువకుల చేతిలో ఎలా మారిందో చూడు. ఏది గొప్పదని తేల్చే పని పెట్టుకోకు, ఏ చోట తేడా వచ్చిందో గుర్తుపెట్టుకో చాలు.

పాత రికార్డింగులంటే భయం వద్దు. కోర్తో (పియానో), తిబో (వయొలిన్), కజాల్స్ (చెల్లో) 1926లో వాయించిన షూబర్ట్ బి ఫ్లాట్ ట్రియోలో, అంటే మూడు వాద్యాల కృతిలో, గరగర శబ్దం ఉంటుంది. అప్పట్లో గ్రామఫోన్ రికార్డుకు ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలే పట్టేది, దాన్ని తిప్పుకుంటూ వినేవారు. కాసేపట్లో ఆ గరగరను చెవి మరిచిపోతుంది. రెండో భాగంలో చెల్లో ఎత్తుకున్న పాటను వయొలిన్ అందుకునే చోటు నాకు ప్రాణం. అక్కడ ఇద్దరి ఊపిరీ ఒకటే అనిపిస్తుంది.

షూమన్, బ్రామ్స్ క్వింటెట్లు తర్వాత చూద్దాం. ఈ నెలాఖరుకు నాకు ఉత్తరం రాయి. ట్రౌట్ నాలుగో భాగంలో వియోలా నీకు మొదట ఎక్కడ వినిపించిందో నిమిషం, సెకన్లతో సహా రాయి. నా దగ్గరున్న రికార్డింగు పెట్టుకుని అక్కడే వింటాను.

ప్రేమతో,
మామయ్య