జూలై చివర్లో డల్లాస్ వస్తున్నాం, పిల్లల స్కూల్ కోసం ముందుగా ఏం చేసుకోవాలి?

మీరు అడిగింది ఇది: జూలై చివర్లో హైదరాబాద్ నుంచి డల్లాస్ వైపు వస్తున్నారు. బాబు 8వ తరగతి పూర్తి చేశాడు, పాపకి సెప్టెంబర్ 20న అయిదేళ్లు నిండుతాయి. ఇల్లు చూసుకుని, కాస్త కుదురుకుని, సెప్టెంబర్‌లో పబ్లిక్ స్కూల్లో, అంటే ఇక్కడి ప్రభుత్వ బడిలో చేర్పిస్తే సరిపోతుందా అని.

దయచేసి అలా చేయకండి. నేను ఇక్కడే ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని పబ్లిక్ స్కూళ్లన్నీ నడిపే సంస్థ) రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేస్తున్నాను. ఏటా జూలై, ఆగస్టు నెలల్లో మా కౌంటర్ దగ్గరికి మన తెలుగు కుటుంబాలు చాలా వస్తాయి. జూలైలో పేరు రాయించుకున్న పిల్లలకీ, బడి తెరిచాక వచ్చిన పిల్లలకీ దొరికేది ఒకటే స్కూల్ కావచ్చు, కానీ ఒకేలాంటి మొదలు కాదు. ఎందుకో చెప్తాను.

ఇక్కడ ఒక్కో స్కూల్ డిస్ట్రిక్ట్‌కి సొంత బోర్డు, సొంత పన్ను, సొంత క్యాలెండర్ ఉంటాయి. ఆగస్టు నాలుగో సోమవారం కంటే ముందు క్లాసులు మొదలుపెట్టకూడదని టెక్సాస్ చట్టం అంటుంది. కానీ 2015లో వచ్చిన ఇంకో చట్టంతో చాలా డిస్ట్రిక్టులు మినహాయింపు తీసుకుని ఆగస్టు మధ్యకల్లా తెరిచేస్తున్నాయి. అందుకని పక్క ఊళ్లో ఉన్న స్నేహితులు చెప్పిన తేదీ నమ్మకండి, మీ డిస్ట్రిక్ట్ క్యాలెండర్ చూడండి.

కొత్త సంవత్సరం పని మాకు జనవరిలోనే మొదలవుతుంది. ఎక్కడ ఎన్ని కొత్త ఇళ్లు లేస్తున్నాయి, ఏ గ్రేడ్ నుంచి ఎంతమంది పైకి వెళ్తారు అని అంచనా వేసి, మార్చి, ఏప్రిల్‌కల్లా ఏ స్కూల్‌కి ఎంతమంది టీచర్లు కావాలో తేలుస్తారు. మానేయాలనుకున్న టీచర్లు క్లాసులకి 45 రోజుల ముందు వరకు ఇబ్బంది లేకుండా రాజీనామా చేయొచ్చు. అంటే జూన్ చివరిదాకా ఖాళీలు వస్తూనే ఉంటాయి, జూలై అంతా వాటిని నింపడంతోనే గడుస్తుంది. బస్సు రూట్లు, క్లాసు లిస్టులు, లాప్‌టాప్‌లు అన్నీ ఆ నెలలో లిస్టులో ఉన్న పేర్లను బట్టే పంచుతారు. మీ పిల్లలు రాబోతున్నారని మాకు తెలియదు కదా, పేరు ఎక్కితేనే వాళ్లు లెక్కలోకి వస్తారు. కిండర్‌గార్టెన్ నుంచి 4వ గ్రేడ్ దాకా సెక్షన్‌కి 22 మంది అనేది రాష్ట్రం పెట్టిన పరిమితి. అది దాటాలంటే డిస్ట్రిక్ట్ ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకోవాలి. అందుకే ఆగస్టులో సెక్షన్ నిండిపోతే, ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని చాలా చోట్ల ఇంకో స్కూల్‌కి పంపుతారు. ఇంటి ఎదురుగా స్కూల్ ఉన్నా బస్సెక్కి వేరే చోటికి వెళ్లే పిల్లలు ఇలాంటివాళ్లే.

లీజు మీద సంతకం పెట్టే ముందు ఒక పని చేయండి. డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో అడ్రస్ కొడితే ఏ స్కూలో చూపించే పేజీ ఉంటుంది. అపార్ట్‌మెంట్ ఆఫీసువాళ్లు చెప్పేది, ఇళ్ల యాప్‌లు చూపించేది కాదు, ఆ పేజీ చెప్పేదే లెక్క. ప్రాస్పర్, సెలీనా లాంటి వేగంగా పెరుగుతున్న చోట్ల కొత్త స్కూల్ తెరిచినప్పుడల్లా హద్దులు మారుతుంటాయి. రోడ్డుకి ఇటువైపు ఒక స్కూల్, అటువైపు ఇంకోటి ఉండటం మామూలే. కొన్నాళ్లు స్నేహితుల ఇంట్లో ఉండాల్సి వస్తే చేర్పించడం ఆపకండి. ఇంటివాళ్లు నోటరీ చేయించి ఇచ్చే పత్రంతో చాలా డిస్ట్రిక్టులు తీసుకుంటాయి. ఫోన్ చేసి అడగండి.

ఇక టీకాలు. మనవాళ్లకి ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే, అక్కడ ఉండగానే సులువుగా తేలిపోయేదీ ఇదే. మన ప్రభుత్వ టీకాల్లో ఇచ్చేది ఎంఆర్ (తట్టు, రుబెల్లా), అందులో గవదబిళ్లల టీకా లేదు. కిండర్‌గార్టెన్ నుంచి పైవాళ్లకి టెక్సాస్ అడిగేది ఈ మూడూ కలిసిన ఎంఎంఆర్, రెండు డోసులు, మొదటి డోసు మొదటి పుట్టినరోజు నాటికో ఆ తర్వాతో వేసి ఉండాలి. మన దగ్గర తొమ్మిదో నెలలో వేసిన డోసు ఇక్కడ లెక్కకి రాదు. చికెన్‌పాక్స్ రెండు, హెపటైటిస్ ఎ రెండు డోసులు కూడా కావాలి. ఈ రెండూ మన ప్రభుత్వ పట్టికలో లేవు కాబట్టి, ప్రైవేట్ డాక్టర్ దగ్గర వేయించి ఉంటేనే కార్డులో కనిపిస్తాయి. బాబు 7వ గ్రేడ్ దాటాడు కాబట్టి టీడాప్ (ధనుర్వాతం, డిఫ్తీరియా, కోరింత దగ్గు), మెనింజైటిస్ టీకాలు కూడా చూసుకోండి. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ టీకాలు ఒకే రోజు వేయించాలి, లేకపోతే మధ్యలో 28 రోజులు ఆగాలి. హెపటైటిస్ ఎ రెండో డోసుకి ఆరు నెలలు పడుతుంది, దానికి కంగారు పడొద్దు. మొదటి డోసు వేయించి, తర్వాతది గడువు ప్రకారం వేయిస్తుంటే తాత్కాలికంగా చేర్చుకుంటారు. చికెన్‌పాక్స్ ఇదివరకే వచ్చి తగ్గిపోయి ఉంటే తల్లిదండ్రులు రాసి ఇచ్చినా చాలు. వీటన్నిటికీ మీ పిల్లల డాక్టర్‌ని ఈ వారమే కలవండి, పైన రాసినవి చూపించండి.

కార్డు గురించి ఒక్క మాట. మనం 05/08 అని రాస్తే ఆగస్టు 5. ఇక్కడ నర్సు చదివేది మే 8. డోసుల మధ్య గడువు తప్పిందని ఫైలు పక్కన పెట్టడానికి అదొక్కటి చాలు. నెల పేరు అక్షరాల్లో రాసి, సంతకం, స్టాంపుతో టైప్ చేసిన కాగితం ఇమ్మని డాక్టర్‌ని అడగండి.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పాలనుకున్న విషయానికి వస్తాను. చేరేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, పిల్లలు ఎక్కువగా ఏ భాష మాట్లాడతారు అని అడిగే ఫారం ఇస్తారు. మనవాళ్లలో చాలామంది అక్కడ ఇంగ్లిష్ అని రాసేస్తారు. తెలుగు అని రాస్తే పిల్లవాడిని వెనక బెంచీలో కూర్చోబెడతారనీ, ఏదో ముద్ర పడుతుందనీ భయం. నాకు ఆ భయం అర్థమవుతుంది, కానీ దానివల్ల నష్టపోయేది పిల్లలే. తెలుగు అని రాస్తే నాలుగు వారాల్లోపు ఒక చిన్న పరీక్ష పెడతారు. ఇంగ్లిష్ బాగా వస్తుందని తేలితే అంతటితో అయిపోయింది. రాకపోతే అదనపు సాయం ఇస్తారు, అదీ మీ అంగీకారంతోనే. ఒక కమిటీ కూర్చుని నిర్ణయిస్తుంది, అందులో ఒక పేరెంట్ కూడా ఉంటారు. 1974లో లావ్ వర్సెస్ నికోల్స్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నుంచి వచ్చిన హక్కు ఇది. భాష రాని పిల్లల్ని ఊరికే క్లాసులో కూర్చోబెట్టి చదువు చెప్పామనుకుంటే కుదరదని ఆ తీర్పు చెప్పింది. ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్లలు కూడా ఇక్కడి మాట వేగానికి మొదట్లో తడబడతారు. అడిగితే సాయం దొరికే చోట అడగకుండా ఉండటం ఎందుకు? పొరపాటుగా రాసినా, ఆ పరీక్ష జరగకముందు, చేరిన రెండు వారాల్లోపు అయితే ఫారం సరిచేయించుకోవచ్చు. ఆ తర్వాత కుదరదు.

మీ పాప విషయంలో ఈ ఫారం మరీ ముఖ్యం. కిండర్‌గార్టెన్‌కి సెప్టెంబర్ 1 నాటికి అయిదేళ్లు నిండాలి. పంతొమ్మిది రోజుల తేడాతో ఈ ఏడాది కుదరదు, బతిమాలినా మా చేతుల్లో లేదు. కానీ సెప్టెంబర్ 1 నాటికి నాలుగేళ్లు నిండిన పిల్లలకి ప్రీ-కె, అంటే కిండర్‌గార్టెన్‌కి ముందు తరగతి ఉంది. ఇంగ్లిష్ మాట్లాడలేని, అర్థం చేసుకోలేని పిల్లలకి అది ఉచితం, కుటుంబం ఆదాయంతో సంబంధం లేదు. ఐటీ జీతం ఉంది కదా, మాకెలా వస్తుందిలే అనుకుని ప్రైవేట్ డేకేర్‌కి నెలనెలా డబ్బు కట్టేవాళ్లని చూస్తే బాధేస్తుంది. పాప ఇంట్లో తెలుగే మాట్లాడుతుంటే ఆ నిజమే రాయండి, పరీక్షకి తీసుకురండి. అయితే ప్రీ-కె అన్ని స్కూళ్లలో ఉండకపోవచ్చు, సీట్లు తొందరగా నిండుతాయి. జూలైలో రావాలని నేను పోరుతున్నది అందుకే.

బాబు 9వ గ్రేడ్‌లో చేరతాడు. అక్కడ జూన్‌లో 9వ తరగతి మొదలైంది కదా, 10వ గ్రేడ్‌లో వేయమని కొందరు పట్టుబడతారు. నా సలహా, వద్దు. ఇక్కడ హైస్కూల్ నాలుగేళ్లూ క్రెడిట్ల (కోర్సు పాసైతే వచ్చే పాయింట్ల) లెక్క, హైస్కూల్ పూర్తి చేసిన డిప్లొమాకి కనీసం 22, ఎండార్స్‌మెంట్‌తో, అంటే ఒక రంగంలో అదనపు కోర్సులతో అయితే 26. మార్కుల సగటు, క్లాసు ర్యాంకు 9వ గ్రేడ్ నుంచే లెక్కలోకి వస్తాయి. 1997 చట్టం ప్రకారం ర్యాంకులో పై 10 శాతంలో ఉన్నవాళ్లకి టెక్సాస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం ఉంటుంది, ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌కి మాత్రం ఆ గీత ఇంకా పైన ఉంటుంది. ఒక ఏడాది పోగొట్టుకుని అలాంటి పోటీలోకి దిగడం పిల్లవాడికి భారం.

హైస్కూల్ టైమ్‌టేబుల్ జనవరి, ఫిబ్రవరిలో పిల్లలు ఎంచుకున్న కోర్సులను బట్టి తయారవుతుంది. ఆగస్టులో వచ్చినవాళ్లకి మిగిలిన ఖాళీలే దొరుకుతాయి. కంప్యూటర్ సైన్స్ కావాలంటే సీటు ఉండదు, అడగని క్లాసేదో పడుతుంది. కాబట్టి వచ్చేలోపే డిస్ట్రిక్ట్ కోర్సుల పుస్తకం చదివి, ఏం కావాలో, అది దొరక్కపోతే ఏం తీసుకుంటాడో రాసిపెట్టుకోండి. టీచర్ల కంటే కౌన్సెలర్లు (కోర్సులు ఎంచుకోవడంలో సాయపడేవాళ్లు) ముందే డ్యూటీలో చేరతారు, ఆ రోజుల్లోనే అపాయింట్‌మెంట్ తీసుకోండి. లెక్కల్లో మామూలుగా ఆల్జీబ్రా 1 ఇస్తారు. మన 8వ తరగతి సిలబస్ బాగా వచ్చినవాళ్లు క్రెడిట్ బై ఎగ్జామ్ (క్లాసు చదవకుండానే క్రెడిట్ ఇచ్చే పరీక్ష) రాసి, 80 శాతం తెచ్చుకుంటే దాన్ని దాటి జామెట్రీకి వెళ్లొచ్చు. పరీక్ష తేదీలు ఏడాదికి కొన్నే ఉంటాయి, పేరు నమోదు గడువు చాలా ముందే ముగుస్తుంది. బాబుకి నిజంగా ఇష్టముంటేనే ఇది, లేదంటే ఆల్జీబ్రా 1తో నిమ్మళంగా మొదలుపెట్టడమే మేలు.

కాగితాల్లో మరీ పెద్ద జాబితా ఏం లేదు. పుట్టిన తేదీ పత్రం లేదా పాస్‌పోర్ట్, పాత స్కూల్ రికార్డులు, టీకాల కాగితం, అడ్రస్ రుజువు. మార్కుల షీట్ల మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉందో లేదో చూసుకోండి. సోషల్ సెక్యూరిటీ నంబర్ (ఇక్కడి ప్రభుత్వ గుర్తింపు సంఖ్య) లేకపోతే స్కూల్ వేరే నంబర్ ఇస్తుంది. వీసా స్థితి చూసి చేర్చుకోవడం, మానేయడం కుదరదని 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, ఆ కేసు పుట్టింది కూడా టెక్సాస్‌లోని టైలర్‌లోనే. మామూలుగా ఇల్లు స్కూల్‌కి రెండు మైళ్లు, ఆపైన ఉంటే బస్సు దొరుకుతుంది. నోట్‌బుక్‌లు, సంచులు ఆగస్టులో సేల్స్ టాక్స్ లేని వారాంతంలో కొనండి, 100 డాలర్ల లోపు వస్తువులకి అది వర్తిస్తుంది. 2025-26 నుంచి టెక్సాస్ పబ్లిక్ స్కూళ్లలో బడి వేళల్లో సెల్‌ఫోన్ వాడకూడదు, బాబుకి ఇప్పుడే చెప్పి ఉంచండి.

డిసెంబర్‌లో ఇండియా టికెట్లు ఇప్పుడే కొనేస్తుంటే ఒక్కసారి సెలవుల తేదీలు చూసుకోండి. క్లాసు నడిచిన రోజుల్లో 90 శాతం హాజరు లేకపోతే క్రెడిట్ ఆగిపోయే నియమం ఉంది. టెక్సాస్‌లో రాష్ట్రం డిస్ట్రిక్టులకి ఇచ్చే డబ్బు కూడా సగటు హాజరు మీదే ఆధారపడుతుంది, అందుకని స్కూళ్లు దీన్ని చూసీ చూడనట్టు వదలవు. క్రిస్మస్ సెలవులు సుమారు రెండు వారాలు ఉంటాయి, ప్రయాణం ఆ లోపల సర్దుకోండి.