పెరటి పిన్నిగారు: అత్తగారి దొండపాదు

ప్రశ్న: పిన్నిగారూ, మాది సామర్లకోట. కిందటి జ్యేష్ఠంలో మా అత్తగారు ఊరి నుంచి వస్తూ పెన్సిలంత లావున్న దొండతీగ ముక్కలు రెండు తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. వచ్చీ రాగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా గోడ పక్కన గుచ్చారు. ఇప్పుడు కార్తీకం. పందిరి నిండింది. పందిరి చాలక దండెం పట్టుకుంది, దండెం మీంచి మేడెక్కి డిష్ గొడుగుని చుట్టేసింది. సీరియల్ మధ్యలో బొమ్మ ఆగిపోతే మా ఇంట్లో ఎవరూ కంపెనీకి ఫోన్ చేయరు, కత్తెర తీసుకుని మేడ మీదికి వెళ్తారు. మావారు కొని మూలన పడేసిన వ్యాయామం సైకిలు హ్యాండిలుకి కూడా నాలుగు చుట్లు చుట్టుకుంది. ‘ఇంక తొక్కడం ఎలా కుదురుతుందే’ అని ఆయన మహా సంతోషంగా ఉన్నారు.

గోడ దాటి పక్కింట్లోకీ వెళ్ళింది. ఆవిడ తన వైపు కాసినవి కోసి, వేపుడు చేసి, మా కాయలు మాకే స్టీలు గిన్నెలో పెట్టి పంపుతోంది. అందులో ఉప్పెక్కువ. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, నేను మళ్ళీ దొండకాయలే వేసి ఇస్తున్నాను. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. దొండకాయ తింటే బుద్ధి మందగిస్తుందంటారు. వారానికి నాలుగు రోజులు అదే పెడుతుంటే వాడి ర్యాంకు ఏమవుతుందోనని టెన్షన్. కోసేద్దామంటే, కాస్తున్న పాదు మీద కత్తి పెట్టకూడదంటారు అత్తగారు. ఏం చేయమంటారు?
– పేరు వేయవద్దన్న కోడలు

జవాబు: అమ్మాయ్, నీ ఉత్తరం నవ్వుతూ మొదలుపెట్టాను. గిన్నె దగ్గరికి వచ్చేసరికి నా సంగతే గుర్తొచ్చింది.

ముప్ఫై ఏళ్ళ కిందట విజయనగరంలో క్వార్టర్సులో ఉండేవాళ్ళం. నా దొండపాదు మొదటి కాపుకి వీధి వీధంతా మెచ్చుకుంది. మూడో నెలకి నేను సంచీతో వస్తుంటే తలుపులు దగ్గరగా వేసుకోవడం మొదలుపెట్టారు. ఒకసారి మా ఆయన స్నేహితుడొకాయన భోజనానికొస్తే, ఆయన చేతులు కడుక్కునేలోపు రెండు కిలోల సంచీ ఆయన స్కూటరుకి తగిలించాను. సాయంత్రానికి అదే సంచీ మా గేటుకి వేలాడుతోంది. తూచాను, రెండున్నర ఉంది. వాళ్ళ పెరట్లోనూ దొండే!

ఆ కోపంలో పాదుని నేలమట్టంగా నరికేశాను. నాలుగు వానలు పడ్డాయో లేదో మళ్ళీ పిలక వేసింది. దొండ వేరు లోపల గడ్డలా ఊరుతుంది. పైన ఎంత నరికినా కింద దాచుకున్నది దానికుంటుంది. కాబట్టి నరికితే చస్తుందని మీ అత్తగారు బెంగపడక్కర్లేదు, నువ్వు ఆశపడక్కర్లేదు.

నీ కష్టం మరీ పెద్దది అనిపిస్తే హవాయి వాళ్ళని తలుచుకో. అక్కడ మన దొండ కూర కాదు, కలుపు. చెట్లూ కంచెలూ కరెంటు స్తంభాలూ కప్పేస్తుంటే, దాన్ని తినే పురుగుల కోసం కెన్యా దాకా వెళ్ళారు. 1996లో తీగని తొలిచే రెక్కల పురుగుని, 1999లో ముక్కుపురుగుల్ని తెచ్చి వదిలారు. ఎవరైనా గుత్తి దొండకాయ చేసి పెట్టి ఉంటే విమానం ఖర్చులు మిగిలేవి.

ఇక బుద్ధి సంగతి. దొండ ప్రజ్ఞను హరిస్తుంది, వస ప్రజ్ఞను ఇస్తుంది అని సంస్కృతంలో పాత శ్లోకం ఒకటి ఉంది. మీ అత్తగారి నోట నువ్వు విన్నది దాని తోకే అయ్యుంటుంది. మా పెద్దాడు ఆ క్వార్టర్సు దొండకాయలు తినే పెరిగాడు. ఇప్పుడు బ్యాంకులో ఉన్నాడు. లెక్క తప్పితే నేరం దొండకాయ మీదికి తోస్తాడు గానీ, తప్పడం తక్కువే. వారానికి నాలుగు రోజులు ఒకే వేపుడు పెడితే మీవాడికి మందగించేది ఆకలి. ఒకరోజు ఉల్లికారం పెట్టు, ఒకరోజు కొబ్బరి వేసి చెయ్యి, ఒకరోజు పచ్చడి. మిగతా రోజులు వంకాయ కొనుక్కో తల్లీ, తప్పేం లేదు.

తీగని అదుపులో పెట్టాలంటే ముందు దాన్ని కాసేపు చూడాలి. పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని పందిరి చివర నిలబడు. నులితీగ వెంట్రుకలా గాలిలో తడుముకుంటూ ఉంటుంది. దండెం తగిలిందా, ఓ చుట్టు వేస్తుంది. ఆ తర్వాత మధ్యభాగం స్ప్రింగులా ముడుచుకుని, సగం చుట్లు ఇటూ సగం చుట్లు అటూ తిరిగి, తీగ మొత్తాన్ని దండెం దగ్గరికి లాక్కుపోతుంది. పట్టు చిక్కకముందే కొసలు గోటితో గిల్లెయ్. పక్క కొమ్మలొస్తాయి, కాయలు చేతికందే ఎత్తులో కాస్తాయి. గిల్లడం కత్తి పెట్టడం కింద రాదు, మీ అత్తగారికి చెప్పు.

అసలు కోత పుష్యంలో. చలికి కాపు తగ్గినప్పుడు మొదట్లో రెండడుగులు ఉంచి మిగతాదంతా తీసేసి, ఓ గంప పశువుల ఎరువు వెయ్యి. ఎండలు ముదిరేలోపు కొత్త చిగుళ్ళొస్తాయి. అత్తగారితో నరకడం అనకు. అన్నవరం మీకు దగ్గరే కదా, పాదుకి తలనీలాలు తీయిస్తున్నాం అను. మళ్ళీ ఒత్తుగా రావడానికే అంటే కాదనరు.

ఒక్క విషయంలో మాత్రం నవ్వులాట లేదు. కరెంటు సర్వీసు తీగ మీదికి పాకితే కత్తెర పట్టుకుని ఎవరూ వెళ్ళొద్దు, తీగని లాగొద్దు. లైన్‌మన్‌ని పిలవండి.

పండినవి పాదు మీద వదలకు. కాకి ముక్కుకు దొండపండు అని మనం వెటకారంగా అంటాం గానీ కాకి దాన్ని వెటకారం అనుకోదు. అదీ పికిలిపిట్టలూ తిని గింజల్ని వీధంతా వేసొస్తాయి. దొండలో ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. కాసే తీగ ముక్క గుచ్చితే కాసే తీగే వస్తుంది. గింజ మొలిస్తే ఏదొస్తుందో చెప్పలేం. తెల్లటి పూలు పూసి ఒక్క కాయా కాయని మగ తీగ పక్కింటి తూములో మొలిచిందంటే ఆవిడ గిన్నెలో ఏం పెట్టి పంపుతుందో ఊహించుకో.

ప్రశ్న: పిన్నిగారూ, మా పక్కింటి దొండపాదు మా గోడ మీదికి వచ్చింది. కూరలు కొనడమే మానేశాం. మొన్న మేడ మీద వాళ్ళు కత్తెరతో తిరుగుతుంటే చూశాను. కోసేస్తారేమోనని రెండు రాత్రుల నుంచి నిద్ర లేదు. వాళ్ళని మంచి చేసుకోవాలని వేపుడు కూడా పంపుతున్నాను. ఏమైనా ఉపాయం చెప్పండి.
– ఊరూ పేరూ వద్దు

జవాబు: ఊరు వద్దన్నావు, వేయడం లేదు. ఆ కత్తెర టీవీ కోసం, నిశ్చింతగా పడుకో. పుష్యంలో కోసినప్పుడు రెండు ముక్కలు అడిగి తెచ్చుకుని మీ వైపు గుచ్చుకో. వేపుడులో ఉప్పు తగ్గించు.