చిమ్నీలు, క్రేన్లు గీసే అమ్మాయికి ఏ చదువు?

గాజువాక నుంచి, ఉక్కు కర్మాగారంలో పనిచేసే ఒక తండ్రి రాసిన ప్రశ్న ఇది: "మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. ఎప్పుడూ చిమ్నీలు, పోర్టు క్రేన్లు, సగం కట్టిన భవనాలే గీస్తుంది. పెయింటింగ్ చదువుతానంటోంది. దానితో బతకగలదా? కనీసం ఆర్కిటెక్చర్‌లో చేర్పించమంటారా?"

అయ్యా, మీ అమ్మాయి ఎంచుకున్న వస్తువు వింతదేమీ కాదు. 1877లోనే ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే పారిస్‌లోని సేంట్ లజార్ స్టేషన్‌లో ఇంజిన్ల పొగను, ఆవిరిని వరుస చిత్రాలుగా వేశాడు. మనకు దగ్గరి ఉదాహరణ సుధీర్ పట్వర్ధన్. ఆయన ముంబై పక్కన ఠాణేలో రేడియాలజిస్టుగా పనిచేస్తూనే ఆ నగరపు శివార్లను, కార్మికులను, మారిపోతున్న మిల్లు ప్రాంతాలను దశాబ్దాల పాటు చిత్రించి, 2005లో వైద్యవృత్తిని విడిచాకే పూర్తికాల చిత్రకారుడయ్యారు. ఇంగ్లండ్‌లో సాల్ఫర్డ్ మిల్లులను గీసిన చిత్రకారుడు లౌరీ కూడా 1952లో రిటైరయ్యే వరకు ఇళ్ల అద్దెలు వసూలు చేసే ఉద్యోగంలోనే ఉన్నాడు. కాబట్టి బొమ్మల అమ్మకం మీదే ఇల్లు గడుస్తుందని నేను మీకు మాట ఇవ్వలేను; పక్కన ఒక జీతం ఉండాలన్న సంగతిని ఇప్పుడే ఒప్పుకుని చదువు ఎంచుకోవడం మేలు.

అయితే ఆ జీతం కోసం ఆర్కిటెక్చర్‌లో చేర్చడం నాకు సమ్మతం కాదు. అది ఐదేళ్ల కోర్సు; నాటా అనే ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష గాని, జేఈఈ మెయిన్ రెండో పేపరు గాని రాయాలి, గణితం తప్పనిసరి. భవనం ఎలా నిలబడాలి, అందులో మనుషులు ఎలా మసలాలి అని ఆలోచించేవారికి అది చక్కని చదువు. మీ అమ్మాయి మాత్రం, మీ ఉత్తరాన్ని బట్టి, ఉన్నదాన్ని చూస్తోంది. చూడటం నేర్పేది నాలుగేళ్ల బీఎఫ్ఏ (లలితకళల డిగ్రీ) పెయింటింగ్. ఆంధ్ర విశ్వవిద్యాలయపు లలితకళల విభాగం మీ ఊళ్లోనే ఉంది. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్ష కూడా రాయించవచ్చు గాని, అక్కడి స్థానికత నిబంధనలు ముందుగా చూసుకోండి. ఆ డిగ్రీతో బడుల్లో డ్రాయింగ్ టీచర్‌గానో, సినిమా కళా విభాగంలోనో, గేమ్స్, వీఎఫ్ఎక్స్ సంస్థలకు పరిసరాల చిత్రాలు గీస్తూనో జీతం సంపాదించవచ్చు. గణితం బాగా వచ్చి, ఆమెకే ఇష్టమైతే నాటా కూడా రాయనివ్వండి, బలవంతం వద్దు.

ఒక హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. విశాఖలో నౌకాదళ ప్రాంతం, పోర్టు పక్కపక్కనే ఉన్నాయి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం నిషిద్ధ స్థలాల విషయంలో ఫొటోలనే కాదు, చేత్తో గీసిన స్కెచ్‌లను కూడా ప్రస్తావిస్తుంది. కాబట్టి అనుమతి లేనిచోట ఆమెను గేటు దగ్గర కూర్చోబెట్టవద్దు. ఇంటి డాబా మీది నుంచి కనిపించే కప్పులు, ఫ్లైఓవర్ స్తంభాలు, కట్టుబడి పరంజాలు ఆమె సాధనకు కావలసినంత ఉన్నాయి.

ఇందులో మీరు చేయగల సహాయం ఏ కళాశాలా చేయలేదు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే, మీ కర్మాగారంలో ఖనిజం నుంచి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేస్‌ల పేర్లు ఆమెకు తెలిసే ఉంటాయి. కానీ ఫర్నేస్ నెత్తి నుంచి ఏటవాలుగా దిగే లావుపాటి గొట్టం వాయువును దుమ్ము వేరుచేసే చోటికి తీసుకుపోతుందని, పక్కనున్న పొడవైన స్టవ్‌లు లోపలికి ఊదే గాలిని వేడిచేస్తాయని మీరే చెప్పాలి. ఆ గొట్టం అక్కడ ఎందుకు వంగిందో తెలిసినవారు గీసిన వంపులో బరువు కనిపిస్తుంది. డ్యూటీ నుంచి వచ్చాక రోజూ ఒక అరగంట ఆమె పక్కన కూర్చుని మీ పని గురించి చెప్పండి.