తుప్పు పట్టిన ఎగ్జాస్ట్ నట్టును స్టడ్ తెగకుండా ఊడదీయడం

మీ పాత మారుతి 800కు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ (పొగ గొట్టాలు ఇంజిన్‌కు కలిసే చోట ఉండే సీలు) మార్చబోతే రెండు నట్లు కదలడం లేదనీ, వాటిలో ఒకదాని మూలలు ఇప్పటికే అరిగిపోయాయనీ, పానాకు ఇనుప గొట్టం తొడిగి ఇంకాస్త బలంగా లాగవచ్చా అనీ అడిగారు. దయచేసి లాగవద్దు. విశాఖపట్నంలో సముద్రపు గాలి తగిలే వీధిలో ఏళ్ల తరబడి నిలిపి ఉంచిన ఇదే రకం బండి మీద నేను ఆ పనే చేసి, సిలిండర్ హెడ్‌లోకి (ఇంజిన్ పైభాగంలోకి) దిగిన స్టడ్‌ను, అంటే నట్టు ఎక్కే తల లేని మరల కడ్డీని, అంచు దగ్గరే తెంపాను. ఒక పూటలో ముగియవలసిన పనికి నాలుగు రోజులు పట్టింది.

తుప్పు వీడే నట్టు టక్కుమని ఒక్క చప్పుడు చేసి కొద్దిగా కదులుతుంది. తెగబోయే స్టడ్ ఆ చప్పుడు చేయదు. పానా రబ్బరును మెలిపెట్టినంత మెత్తగా చేతి వెంట వస్తుంది. నట్టు తిరుగుతోందని సంతోషిస్తాము, కానీ తిరుగుతున్నది నట్టు కాదు, మెలిపడుతున్న స్టడ్. అందుకని ఇప్పుడు నేను పానా పెట్టే ముందు స్టడ్ కొస మీదుగా నట్టు మీదికి సుద్దతో ఒకే గీత గీస్తాను. గీత రెండు ముక్కలై విడిపోతే నట్టు వస్తున్నట్టు. రెండూ కలిసి తిరిగి, పట్టు వదలగానే గీత కాస్త వెనక్కి వస్తే స్టడ్ మెలిపడుతున్నట్టు, అక్కడితో ఆపాలి. వెనక్కి రాకుండా సాఫీగా తిరుగుతూ ఉంటే స్టడ్ మొత్తంగా హెడ్‌లోంచి ఊడి వస్తోంది, దానికి కంగారు పడనక్కరలేదు.

ముందు రోజు సాయంత్రమే బయటికి కనిపించే మరలను తీగ బ్రష్‌తో శుభ్రంగా గీకి, తుప్పులోకి ఇంకే నూనెను నట్టు మొదట్లో పోయండి. గీకకుండా పోస్తే నూనె తుప్పు పెళ్ల మీదుగా జారిపోతుంది. పోసిన ప్రతిసారీ చిన్న సుత్తితో నట్టు పలకల మీద నాలుగైదు దెబ్బలు వేస్తే ఆ అదురుకు తుప్పు చిట్లి, నూనెకు దారి దొరుకుతుంది. మర్నాడు ఆరు పలకల 12 నంబరు సాకెట్ మాత్రమే వాడండి. పన్నెండు మూలలది నట్టు మూలలను మాత్రమే పట్టుకొని వాటిని అరగదీస్తుంది. మొదట కొంచెం బిగించే వైపు, తరువాత విప్పే వైపు, ఇలా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ నడుమ నూనె పోస్తూ రావాలి. విసుగు పుట్టించే పద్ధతే, కానీ స్టడ్‌ను కాపాడేది ఆ ఓపికే.

అప్పటికీ రాకపోతే వేడి చేయాలి. అయితే అంతకుముందు బ్యాటరీ తీగ విప్పి, పోసిన నూనెను పూర్తిగా తుడిచి, పెట్రోలు పైపుల వైపు చెమ్మ లేదని చూసుకొని, మంటలార్పే సిలిండర్‌ను చేతికి అందే చోట పెట్టుకోండి. చిన్న గ్యాస్ టార్చ్ మంటను నట్టు పలకల మీదే నిలపండి. నట్టు వ్యాకోచించి స్టడ్ మీద పట్టు సడలుతుంది. హెడ్ అల్యూమినియంది కనుక మంట అటు పోకూడదు. అల్యూమినియం సుమారు 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అదీ ఇనుములా ఎర్రబడి మనల్ని హెచ్చరించకుండానే. మంట తీసేశాక కొవ్వొత్తి మొదలును వేడి నట్టుకు ఆనిస్తే మైనం కరిగి మరల సందుల్లోకి దిగుతుంది. నా బండికి మిగిలిన నట్లన్నీ ఇలాగే వచ్చాయి.

మూలలు అరిగిన నట్టుకు 7/16 అంగుళం సాకెట్, అంటే 11.1 మిల్లీమీటర్లది, సుత్తితో కొట్టి బిగుతుగా దిగేలా తొడిగి తిప్పండి. అదీ పట్టకపోతే నట్టు ఒక పక్కను ఆకురాయితో పలచబరిచి ఉలితో చీల్చవచ్చు. నట్టు ఎలాగూ పారేసేదే, స్టడ్ మరలకు దెబ్బ తగలకుండా చూస్తే చాలు.

ఒకవేళ స్టడ్ తెగితే ఈజీ అవుట్ (తెగిన ముక్కలో రంధ్రం చేసి, అందులో దించి ఎదురు తిప్పి లాగే పనిముట్టు) జోలికి వెళ్లవద్దని నా గట్టి అభిప్రాయం. ఆ ఉక్కు మామూలు డ్రిల్ బిట్‌కు లొంగదు, సన్నదైతే లోపలే విరుగుతుంది, అప్పుడు పని రెండింతలవుతుంది. నా హెడ్‌ను విప్పి ఆటోనగర్‌లోని ఒక వెల్డింగ్ షాపుకు తీసుకెళ్తే, అక్కడి పెద్దాయన తెగిన కొస మీద కొత్త నట్టు ఆనించి లోపలి నుంచి వెల్డింగ్ చేసి, చల్లారనిచ్చి, చిన్న పానాతో ముందుకూ వెనక్కూ ఆడిస్తూ బయటికి తీశారు. వెల్డింగ్ వేడే సగం పని చేసింది. "బలం కాదు బాబూ, వేడి చూపించాలి" అన్నారాయన. అదీ కుదరకపోతే స్టడ్‌ను డ్రిల్ చేసి తీసి, హెలికాయిల్ (పాడైన రంధ్రంలో కొత్త మరలు ఇచ్చే తీగ చుట్ట) వేయించుకోవాలి.

తిరిగి బిగించేటప్పుడు పాత స్టడ్లు వాడకండి. వేడిని తట్టుకునే రాగి యాంటీ సీజ్ పేస్టును (మరలు అతుక్కోకుండా పూసేది) మరలకు పలచగా పూసి, ఇనుప నట్లకు బదులు ఇత్తడివి వేస్తే మళ్లీ తుప్పుతో అతుక్కోవు. పేస్టు పూసిన మరల మీద అదే టార్క్‌కు (తిప్పే బలానికి) బిగుతు ఎక్కువ పడుతుంది, కాబట్టి మాన్యువల్‌లో ఇచ్చిన అంకెను దాటకండి.